మూడో వరుస

పద్నాలుగో నంబరు రెంచిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతికి ఎర్ర సీలు వేసి పంపారు. తెచ్చిన గుమాస్తా దాన్ని బల్ల మీద పెట్టి, పుస్తకంలో సంతకం చేయించుకున్నాడు.

"సాయంత్రానికల్లా కాగితం కావాలన్నారక్కా మేనేజరు సారు. రెంచి బాగుందని రాసిచ్చేస్తే ఫైలు మూసేస్తారట."

"బాగుందో లేదో చూడకుండా ఎలా రాసిస్తాను?" అంది ఆమె.

అనేశాక నాలిక కరుచుకుంది. గుమాస్తా అదేమీ గమనించలేదు. పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ విమానాల మరమ్మతు షెడ్డులో ఆమెను కొలతలక్క అంటారు. షెడ్డు చివర, కిటికీ తెరవని చిన్న గది ఆమెది. బయట రేకులు ఎండకి చెయ్యి కాలేలా ఉన్నా ఆ గదిలో ఎప్పుడూ ఇరవై డిగ్రీలే. అందుకని ఏడాది పొడుగునా స్వెట్టర్ వేసుకునే కూర్చుంటుంది. మెకానిక్కులు వాడే ప్రతి గేజీ, ప్రతి రెంచి ఆరు నెలలకోసారి ఆ గదిలోకి రావాలి. ఆమె పరీక్ష చేసి, తేదీ వేసి, పొడి అక్షరాల సంతకంతో పచ్చ చీటీ అంటించాలి. చీటీ లేని పనిముట్టును ఎవరూ ముట్టుకోరు. చీటీ ఉన్నదాన్ని ఎవరూ అనుమానించరు.

పద్నాలుగో నంబరు మీద పచ్చ చీటీ ఉంది. తేదీ ఉంది. సంతకం ఆమెదే.

మూడు రోజుల కిందట, మిట్టమధ్యాహ్నం, యాభై మందితో పరుగందుకున్న చిన్న విమానానికి ఎడమ చక్రం ఊడిపోయింది. పైలట్ ఎలాగో ఆపేశాడు, లోపల ఒక్కరికీ గీత పడలేదు. ఊడిన చక్రం మాత్రం ఎగిరెగిరి పడుతూ రన్‌వే పక్క గడ్డిలోకి దూసుకుపోయి, అక్కడ గడ్డి కోస్తున్న మనిషిని కొట్టింది. అతను అక్కడికక్కడే పోయాడు. ఇరుసు నట్టు వదులుగా ఉండటంతో బేరింగు అరిగి ముక్కలైందని తేల్చారు. పదకొండు రోజుల కిందట ఆ చక్రం మార్చింది పుర్రచెయ్యి. ఎడమచేతి వాటం మెకానిక్ కాబట్టి అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ప్రమాదం జరిగిన మర్నాడు పొద్దున్నే అతన్ని సస్పెండ్ చేశారు. గేటు దగ్గర పాసు తీసుకుంటుంటే అతను ఒకే మాట పదే పదే అన్నాడట: "రెంచి టక్కుమంది. నా చెవులారా విన్నాను."

ఎంత బిగించాలో ఆ అంకె మీద పెట్టుకుంటే, నట్టుకు అంత బిగింపు పడగానే ఆ రెంచి చేతిలో టక్కుమంటుంది. టక్కుమన్నాక చెయ్యి ఆపెయ్యాలి. అంతవరకే మెకానిక్ పని. టక్కుమనాల్సిన చోటే టక్కుమంటోందో లేదో చూడటం కొలతలక్క పని.

ఆమె సీలు కత్తిరించి రెంచిని బయటికి తీసి, గది చల్లదనం పట్టేదాకా గుడ్డ మీద పడుకోబెట్టింది. మధ్యాహ్నం భోజనం డబ్బా విప్పలేదు. రెండింటికి రెంచిని టెస్టరుకు తగిలించి, ముందు ఐదారుసార్లు ఊరికే లాగి, తర్వాత కొత్త ఫారం తీసింది. ఫారంలో మూడు వరుసలు. మొదటి వరుస నలభై, రెండోది నూట ఇరవై, మూడోది రెండు వందలు. ఒక్కో వరుసలో ఐదేసి గళ్లు. వందకి నాలుగు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, అది దాటితే రెంచి పనికిరాదు.

నలభై దగ్గర పెట్టి లాగింది. ముప్ఫై తొమ్మిదిన్నర. ఐదుసార్లూ అలాగే వచ్చింది. మొదటి వరుస నిండింది.

నూట ఇరవై దగ్గర పెట్టింది. నూట పదమూడు. మళ్లీ లాగింది. నూట పన్నెండు. మిగతా మూడుసార్లూ అలాగే వచ్చింది.

పిడి తిప్పి రెండు వందలకు తెచ్చింది. కాలు దన్ను పెట్టి లాగింది. రెంచి టక్కుమంది. చెవికి ఇంపైన, గట్టి చప్పుడు. అనుమానించడానికి ఏమీ లేని చప్పుడు. టెస్టరు మీద నూట యాభై తొమ్మిది.

రెండోసారి నూట అరవై ఒకటి. మూడోసారి నూట యాభై ఎనిమిది. లోపల పళ్లు అరిగిపోయి, బరువు పెరిగేకొద్దీ ముందే జారిపోతోంది. నాలుగు, ఐదు కూడా లాగింది. అంకెలు గళ్లలో వేసింది. ఆ తర్వాత లేచి తలుపు గడియ పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు.

బీరువాలో పాత ఫారం ఉంది. తియ్యక్కర్లేదు, అందులో ఏముందో తెలుసు. మూడు వారాల కిందట, చీటీ అంటించిన రోజున, మేనేజరు కిటికీ దగ్గర నిలబడి, "ఒక్క రెంచి కోసం విమానం నిలబడాలా అమ్మా? ప్రయాణికులు నన్ను తింటున్నారు," అన్నాడు. ఆమె మొదటి వరుస పరీక్ష చేసింది. బాగానే ఉంది. మిగిలిన రెండు వరుసలూ అంతకుముందు ఫారంలోంచి దించేసింది. అచ్చు గుద్దినట్టు ఉంటే బాగుండదని ఒక్కో గడిలో ఒక్కో పాయింటు అటూ ఇటూ మార్చింది కూడా. చీటీ అంటించి ఇచ్చేసింది. అందుకు పట్టింది ఆరు నిమిషాలు. ఆ పూట ఇంటికి వెళ్తుంటే మనసులో ఏ మూలా గుచ్చుకోలేదు. అదే ఇప్పుడు గుచ్చుకుంటోంది.

పనిముట్లు ఇచ్చే పుస్తకం తెప్పించుకుని వేలు పెట్టి వెతికింది. ఆ చీటీ పడ్డాక పద్నాలుగో నంబరుతో బిగించినవి ఐదు చక్రాలు. ఒకటి ఊడిపోయింది. నాలుగు ఇంకా గాల్లో తిరుగుతున్నాయి.

మేనేజరు గదిలో కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు. రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టింది. ఆయన కళ్లజోడు పైకి తోసి, ఒకదాని తర్వాత ఒకటి చదివాడు. చెడ్డవాడు కాదాయన. ఆమెకు జ్వరం వస్తే కారిచ్చి ఇంటికి పంపిన మనిషి.

"రెంచి కింద పడి ఉండొచ్చు కదా," అన్నాడు చివరికి. "నువ్వు చూసినప్పుడు బాగానే ఉండి, తర్వాత పాడై ఉండొచ్చు."

"నేను చూడలేదు సార్. రెండో వరుస, మూడో వరుస చూడకుండా రాశాను."

"ఆ మాట నాకు చెప్పకు." ఆయన లేచి తలుపు మూసొచ్చాడు. "చెప్పావంటే నేను కూడా ఏదో ఒకటి చెయ్యాలి. ఇదిగో విను. ఆ నాలుగు చక్రాలూ నేను విప్పించి, వేరే రెంచితో బిగిస్తాను. చప్పుడు లేకుండా. ఎవరికీ ఏమీ కాదు. నీ కొత్త ఫారంలో మాత్రం పాత అంకెలే ఉండనీ."

"మరి అతను?"

"ఎవరు?"

"పుర్రచెయ్యి."

మేనేజరు కాగితాలు మడిచి ఆమె చేతిలో పెట్టాడు. "అతనికెలాగూ మచ్చ పడిపోయింది. ఇప్పుడు నీకు కూడా పడితే అతనిది చెరిగిపోతుందా? రేపు దర్యాప్తు అధికారి వస్తాడు. ఆలోచించుకుని ఇవ్వు. తొందరేం లేదు."

మూడు వారాల కిందట కూడా ఆ మాట అని ఉంటే ఎంత బాగుండేదనుకుంటూ ఆమె బయటికి వచ్చింది.

ఆమె భర్త దర్జీ. వీధి గదిలోనే మిషను. ఆమె చెప్పిందంతా కాజాలు కుడుతూ విన్నాడు. మధ్యలో సూది ఆగింది. మళ్లీ సాగింది.

"నా టేపు అరంగుళం తప్పితే చంక కింద పట్టేస్తుంది," అన్నాడు. "ఆ వచ్చినవాడు నాలుగు తిట్లు తిట్టి పోతాడు. నీ ఉద్యోగం చూసి నేనెప్పుడూ కుళ్లుకునేవాణ్ణి, చల్లటి గదిలో కూర్చుంటావని."

"ఏం చెయ్యమంటారు?"

"నీకు కాక ఇంకెవరికి తెలుసు?"

"మేనేజరుకి."

"ఆయన చెప్పడు కదా."

"చెప్పడు."

భర్త దారం పళ్లతో తెంపాడు. "అయితే ఊరుకో," అన్నాడు. కాసేపటికి, ఆమె ముఖం చూడకుండా, "ఊరుకోగలిగితే," అన్నాడు.

మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్లే దారిలో ఆమె బస్సు రెండు స్టాపుల ముందే దిగింది. పుర్రచెయ్యి ఇల్లు ఎక్కడో తెలుసు. ఏం చెప్పాలో మాత్రం తెలియదు. చెబుతాననే అనుకుంది మెట్లెక్కుతున్నంతసేపూ.

తలుపు తీసింది అతని భార్య. "మీరైనా చెప్పండక్కా, తిండి మానేశాడు," అని గొంతు తగ్గించి, లోపలికి తీసుకెళ్లింది.

వంటింటి గడప దగ్గర పుర్రచెయ్యి పీట మీద కూర్చుని ఉన్నాడు. అతని ముందు నీళ్ల బకెట్టు. దాని కాడలోంచి ఇనుప కడ్డీ దూర్చి, ఒక కొస పట్టుకుని, మోచెయ్యి వంచకుండా పైకెత్తుతున్నాడు. ముందు ఎడమ చేత్తో, తర్వాత కుడి చేత్తో. గోడ మీద సుద్దముక్కతో రెండు వరుసల గీతలు గీసి ఉన్నాయి.

"రా అక్కా," అన్నాడు బకెట్టు దించి. "సరిగ్గా నీలాగే పరీక్ష చేస్తున్నా. నా చేతికి క్యాలిబ్రేషన్."

నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఏమైంది చేతికి?"

"ఏమీ కాలేదంటున్నాడు డాక్టరు. నరాలన్నీ బాగున్నాయట. నిన్న చెవులు కూడా చూపించుకున్నా." అతను చెయ్యి చాపి వేళ్లు మూసి తెరిచి చూసుకున్నాడు. "టక్కుమన్న చప్పుడు వినకుండానే విన్నాననుకున్నానేమో అక్కా. పక్క బల్ల దగ్గర ఇంకెవరి రెంచో మోగితే నాదనుకున్నానేమో. పద్దెనిమిదేళ్లుగా వింటున్నా కదా, చప్పుడు లేకపోయినా బుర్రలో మోగుతుందేమో. మా ఆవిడ గిన్నె పెట్టినా టక్కుమన్నట్టే ఉంటోంది."

"నువ్వు వినే ఉంటావు," అంది ఆమె.

"వింటే ఆ మనిషి ఎందుకు పోతాడు?"

అతను చెయ్యి ముందుకు చాపాడు. "నువ్వు కొలతలదానివి కదా, ఒకసారి పట్టుకుని చూడు. పట్టు తగ్గిందా?"

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అతను బిగించాడు. ఆమె వేళ్ల ఎముకలు కలిసిపోయాయి.

"తగ్గలేదు," అంది.

అతని భార్య కాఫీ తెచ్చేలోగా లేచి వచ్చేసింది. మెట్లు దిగి వీధి మలుపులో ఆగింది. చెబుదామనే వెళ్లింది. నోటిదాకా వచ్చింది. ఆ మాట అనడానికి పట్టేది ఆరు నిమిషాలు కూడా కాదు.

షెడ్డులోకి అడుగు పెట్టగానే అవతలి వైపు బయట, మెట్లు వేసి ప్రయాణికులను ఎక్కించుకుంటున్న విమానం తోక మీద అంకెలు కనిపించాయి. నిన్న పుస్తకంలో వేలు పెట్టి చదివిన అంకెలే. కుడి చక్రం. పద్నాలుగో నంబరు రెంచి. ఆమె సరాసరి మేనేజరు గదికి వెళ్లింది.

"ఆ విమానం చక్రం విప్పించారా సార్?"

"వచ్చేవారం టైర్లు ఎలాగూ మార్చాలి. అప్పుడు చూస్తారు."

"నిన్న మీరు..."

"విప్పిస్తానన్నాను. ఇవాళే అన్నానా? ఊరికే నాలుగు విమానాలు ఆపితే ఎందుకని అడగరా?" ఆయన గొంతు తగ్గించాడు. "నూట అరవై అంటే తక్కువేం కాదమ్మా. అన్నీ ఊడిపోవు."

ఆమెకు అప్పుడు కోపం రాలేదు. కాళ్లు మాత్రం కదిలాయి. వరండా చివర అతిథుల గదిలో దర్యాప్తు అధికారి అప్పుడే వచ్చి, పెన్సిల్ చెక్కుకుంటున్నాడు. నడివయసు మనిషి, తెల్ల మీసం. తలుపు దగ్గర నిలబడే చెప్పింది.

"అక్కడ ఎక్కుతున్నారే, ఆ విమానం ఆపించండి సార్. కుడి చక్రం నట్టు వదులుగా ఉంది."

"ఎవరమ్మా మీరు?"

"దాన్ని బిగించిన రెంచికి సంతకం పెట్టినదాన్ని."

ఆయన ఇంకేమీ అడగలేదు. ఫోను తీశాడు. ప్రయాణికులు ఒక్కొక్కరే మెట్లు దిగి, సణుక్కుంటూ, సంచులు మోసుకుంటూ ఎండలో నిలబడ్డారు. జాకీ పెట్టి విమానాన్ని ఎత్తారు. చక్రం మీది మూత విప్పారు. లాకు పిన్ను తీసి, నట్టు మీద రెంచి పెట్టబోయిన మెకానిక్ ఆగిపోయి, రెంచి కింద పెట్టేశాడు. రెండు వేళ్లతో నట్టును పట్టుకుని తిప్పాడు. అది తిరిగింది. బేరింగు లోంచి నల్లటి పొడి రాలి అతని మణికట్టు మీద పడింది.

సణుగుతున్న ప్రయాణికులకు ఆ సంగతేమీ తెలియదు.

అధికారి ముందు కూర్చుని ఆమె మొత్తం చెప్పింది. ఆయన ప్రశ్నలు చిన్నవి. ఎన్ని వరుసలు చూశారు? ఒకటి. మిగతావి ఎక్కడినుంచి రాశారు? పాత ఫారం నుంచి. ఎందుకు మార్చారు అంకెలు? నిజంలా ఉంటాయని. ఎవరైనా రాయమన్నారా? ఆ ప్రశ్న దగ్గర ఆమె ఆగింది. మేనేజరు తొందర పెట్టాడు. నిన్న పాత అంకెలే ఉండనిమ్మన్నాడు. ఆ రెండూ చెప్పింది. కానీ ఆ రోజున కలం పట్టుకున్నది తానేనని కూడా చెప్పింది. ఆయన రాసుకున్నాడు. మిగతా మూడు విమానాలనూ ఆపమని ఫోనులో చెప్పాడు.

"పుర్రచె... ఆ మెకానిక్ తప్పు లేదు సార్. అతను విన్నది నిజమే."

"అతన్ని మధ్యాహ్నం రమ్మన్నాను. చెబుతాను," అన్నాడాయన. ఒక కాగితం తీసి చూసి పక్కన పెట్టాడు. "చనిపోయిన మనిషి మాత్రం గీత లోపలికి వచ్చాడని కంపెనీ రిపోర్టు. రన్‌వే పక్క తెల్లరాళ్లు దాటి రాకూడదు కదా. దాటి వచ్చాడట."

"ఎవరు చూశారు?"

"చూసినవాళ్లెవరూ లేరు. రాసినవాళ్లు ఉన్నారు."

అది తనకు తగలాలని అన్నాడో లేదో తెలియదుగాని, ఆమెకు తగిలింది.

ఆమె బయటికి వచ్చేసరికి వరండా బల్ల మీద పుర్రచెయ్యి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఉన్నాడు. ఆమె అతని ఎదురుగా నిలబడింది.

"రెంచిదే తప్పు. రెండు వందల దగ్గర పెడితే నూట యాభై తొమ్మిదికే టక్కుమంటోంది. నేను పరీక్ష చెయ్యకుండా చీటీ అంటించాను."

అతను ఎడమ చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు జారాయి. తుడుచుకోలేదు. "విన్నాను కదా," అన్నాడు తనలో తను. "నేను విన్నాను." ఇంకాసేపటికి అతని ముఖం మారింది.

"పొద్దున మా ఇంటికి వచ్చావు కదక్కా."

"వచ్చాను."

"నా చెయ్యి పట్టుకుని చూశావు."

"చూశాను."

"అప్పటికే తెలుసా నీకు?"

"తెలుసు."

ఆమె తిట్టించుకోవడానికి సిద్ధంగా నిలబడింది. అతను తిట్టలేదు. బల్ల మీద కొంచెం పక్కకు జరిగి, ఆమె అక్కడ లేనట్టు, అధికారి గది తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు. లోపల్నుంచి పిలుపు వచ్చేదాకా అలాగే ఉన్నాడు. లోపలికి వెళ్తూ కూడా వెనక్కి చూడలేదు.

సాయంత్రం గేటు దగ్గర ఆమె పాసు తీసుకున్నారు. స్వెట్టరు కుర్చీకే ఉండిపోయింది. తెచ్చుకోవడానికి లోపలికి పోనివ్వలేదు.

మర్నాడు ఉదయం ఆమె గడ్డి కోసే మనిషి ఇంటికి వెళ్లింది. రన్‌వే కంచెకు ఆనుకున్న రేకుల ఇళ్ల వరసలో చివరిది. విమానం లేచినప్పుడల్లా రేకులు గలగలమంటున్నాయి. గుమ్మంలో ఒకామె చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తి, కొత్త మనిషిని చూసి, చేట పక్కకు నెట్టింది.

"సంతకానికేనా? నిన్ననే చెప్పాను, పెట్టనని. ఆయన గీత దాటలేదు. నేను పెట్టను."

"సంతకం అడగడానికి రాలేదమ్మా. పెట్టడానికి వచ్చాను."

ఆవిడ అర్థం కానట్టు చూసింది. కొలతలక్క గుమ్మం కింద మెట్టు మీద కూర్చుని చెప్పింది. రెంచి గురించి, చీటీ గురించి, మూడు వరుసల గురించి. యంత్రాల మాటలు తగ్గించి, తను చేసింది తగ్గించకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆవిడ చేతులు చేటలో బియ్యాన్ని అటూ ఇటూ నెడుతూనే ఉన్నాయి.

"అంటే ఆ చక్రం నీ వల్ల ఊడింది," అంది చివరికి.

"నా వల్లే."

విమానం ఒకటి లేచింది. రేకులు గలగలమన్నాయి. ఆవిడ ఏడవలేదు, అరవలేదు. లోపలికి వెళ్లి మడతపెట్టిన కాగితం తెచ్చింది. కంపెనీ కాగితం. చనిపోయిన వ్యక్తి హద్దురాళ్లు దాటి నిషేధ స్థలంలో ఉన్నందువల్ల అని మొదలవుతుంది.

"దీని వెనకాల రాయి," అంది. "నువ్వు చెప్పిందంతా రాయి."

కొలతలక్క మోకాలి మీద పెట్టుకుని రాసింది. పేరు, ఉద్యోగం, రెంచి నంబరు, తేదీ. చూడకుండా రాశానని రాసింది. చదివి వినిపించింది.

"ఆయన గీత దాటలేదని కూడా రాయి."

కలం ఆగిపోయింది.

"నేను చూడలేదమ్మా. చూడనిది రాయలేను."

ఆవిడ ఆమె ముఖంలోకి చూసింది.

"మరి అప్పుడెలా రాశావు?"

కొలతలక్క తల వంచుకుంది. ఆవిడ జవాబు కోసం ఆగలేదు. కొంగు నడుముకు దోపుకుని మెట్టు దిగింది.

"అయితే రా. చూసే రాద్దువుగాని."

ఇళ్ల వెనకాల నుంచి కంచె వెంట నడిచారు. కంచె అవతల మోకాలెత్తు గడ్డి. దూరంగా తెల్లరాళ్ల వరస, దాని వెనకాల నల్లటి రన్‌వే. ఆవిడ ఒకచోట ఆగి, కంచె కమ్మీల మధ్య నుంచి చెయ్యి పెట్టి చూపించింది.

"అదిగో. ఆ రోజు ఆయన కోసింది అంతవరకే."

కంచె నుంచి మొదలై గడ్డి నున్నగా కోసి ఉంది, చాపలు పరిచినట్టు బారులు బారులుగా. చివరి బారు సగంలో తెగిపోయింది. అక్కడ నేల మీద గుంట పడి మట్టి లేచి ఉంది. ఆ తెగిన చోటు నుంచి తెల్లరాళ్ల దాకా ఎత్తు గడ్డి నిలబడే ఉంది, ఎక్కడా విరగకుండా, తొక్కకుండా. ఇరవై అడుగులు ఉండొచ్చు. ముప్ఫై కూడా ఉండొచ్చు. కోసే బండి ఆ గడ్డిలోకి వెళ్లనేలేదు. రిపోర్టు రాసినవాళ్లు ఇక్కడికి వచ్చి నిలబడి ఉంటే చాలు, తెలిసిపోయేది.

అప్పుడు వినిపించింది మోటారు చప్పుడు. మైదానం అవతలి కొస నుంచి గడ్డి కోసే బండి ఒకటి వస్తోంది. ఈ నాలుగు రోజులూ ఆపేసిన పని మళ్లీ మొదలుపెట్టారు. బండి ఒక్కో బారూ కోసుకుంటూ, నిలబడ్డ గడ్డిని పడుకోబెట్టుకుంటూ ఇటే వస్తోంది.

కొలతలక్క ఫోను తీసింది. తొందరలో, అధికారి నిన్న ఇచ్చిన నంబరు రెండుసార్లు తప్పింది. అధికారి గొంతు వినగానే, "సార్, టేపు పట్టుకుని రండి," అంది. "గడ్డి కోసేస్తున్నారు. ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడో ఇంకా కనిపిస్తోంది. ఇంకో పావుగంటైతే కనపడదు."

"ఎవరు మాట్లాడేది?"

చెప్పింది.

"మీరు చూశారా?" అన్నాడాయన.

"చూస్తున్నాను సార్. ఇక్కడే నిలబడి ఉన్నాను."

"బయల్దేరుతున్నా. ఆ బండి ఆపించండి."

పాసు లేదు, గేటు మైలు దూరం. ఆమె కంచె పట్టుకుని ఊపింది, అరిచింది. మోటారు చప్పుడులో ఆ అరుపు ఎవరికీ వినపడదు. బండి దగ్గరవుతోంది. అప్పుడు పక్కనున్న ఆవిడ చెప్పులు విడిచి, కంచె అడుగు కమ్మీ మీద కాలు పెట్టి, పై తీగ ముళ్లు అరచేతుల్లో దిగుతున్నా పైకి లేచి నిలబడింది. ఎర్ర కొంగు తీసి తలపైన గిరగిరా తిప్పింది.

బండి నడిపేవాడు చూశాడు. నెమ్మదించాడు. ఆమె ఎవరో గుర్తుపట్టాడు కాబోలు, నెత్తి మీది టోపీ తీశాడు. మోటారు ఆగిపోయింది. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైంది. గడ్డి కదులుతున్న చప్పుడు కూడా వినిపించింది.

"ముందుకు రాకయ్యా," అని అరిచింది ఆవిడ. "ఆ గడ్డి అలాగే ఉండనీ. మీ వదిన్ని అడుగుతున్నా."

అతను బండి దిగి, నిలబడ్డ గడ్డిలో అడుగు పెట్టకుండా చుట్టూ తిరిగి, కోసిన బారు మీదుగా కంచె దగ్గరికి వచ్చాడు. ఆవిడ కిందికి దిగింది. అరచేతుల నుంచి రక్తం కారుతోంది. కొలతలక్క తన జేబురుమాలు తీసి రెండు ముక్కలుగా చింపింది. ఆవిడ ముందు చేతులు వెనక్కి లాక్కుంది. తర్వాత ఒక చెయ్యి మాత్రం చాపింది.

కట్టు కట్టించుకుంటూ కూడా ఆవిడ కళ్లు ఆ గడ్డి మీదే ఉన్నాయి. అధికారి జీపు గేటు మలుపులో దుమ్ము లేపుతూ కనిపించేదాకా ముగ్గురూ కంచెకు అటూ ఇటూ అలాగే నిలబడ్డారు.